రెండవ పిడి

చంద్రపూరులో వైశాఖమాసపు మధ్యాహ్నము, 46 డిగ్రీల యెండలో, బాబూపేటలోని మా మేనమామ ఇంటి వెనుకగోడకు కూలరు నిలుపుటకై ఇనుపబద్దలు బిగింపవచ్చిన యెలక్ట్రీషియను కుర్రవాడు నిచ్చెన యెక్కి, డ్రిల్లు మిషను కుడిచేత పట్టి, మోచేయి చెవికంటె పైకి లేచునట్లు చాచి, మీట నొక్కబోవునంతలో, అరుగుమీద కూర్చుండి విసనకఱ్ఱతో విసరుకొనుచున్న మా మామ "ఆగు బిడ్డా! రెండో పిడేది?" అని గట్టిగా కేకవేసెను.

"పెట్టెల ఉన్నది తాతా. అది పెడితె అడ్డమొస్తది" అని వాడు నవ్వెను. ఆ అడ్డమువచ్చు వస్తువును పెట్టెలోనుండి తీయించి, డ్రిల్లు మెడకు బిగింపించి, వాని యెడమచేతిని దానిమీద వేయించువరకు మామ ఊరకుండలేదు. నాలుగు బెజ్జములు వేయుటయను స్వల్పకార్యమునకు ఇంత పట్టుదల యేలయని యెవరికైనను తోచును. కాని ఆ పట్టుదల వెనుక ముప్పదియేండ్ల బ్రదుకున్నదని నేనెఱుగుదును.

పెద్దపల్లి స్టేషనులో పాసింజరు బండి యెక్కి బల్లార్షాలో దిగిననాటికి మామ వయస్సు పందొమ్మిది. కాజీపేట బల్లార్షాల నడిమి రైలుమార్గము 1929లో పూర్తియై ఢిల్లీని మదరాసుతో కలిపినది మొదలు, ఆ పట్టాల వెంబడి ఉత్తరముగా సాగినవారిలో కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలను విడిచి పనికై వెడలిన తెలుగువారు లెక్కకు మిక్కిలి. వార్ధానది యొడ్డున బల్లార్పూరు కాగితపు మిల్లును, చుట్టుపట్ల బొగ్గుగనులును వారికి కూడు పెట్టినవి. నదికి ఆవలనున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో భాగమే యగుటచేత, ఈ ప్రాంతమున తెలుగు మాట వలసవచ్చినదా, పూర్వమునుండి ఉన్నదా యని తేల్చుట అంత సులభము కాదు. భూగర్భములోనైతే సరిహద్దన్న మాటయే లేదు. వార్ధాలోయ బొగ్గును గోదావరిలోయ బొగ్గును ఒకే గోండ్వానా శిలాకుటుంబమునకు చెందినవి. మామ ఇచ్చటి ఒక భూగర్భగనిలో మొదట తట్ట మోసెను, పిమ్మట డ్రిల్లరుకు జతగాడయ్యెను, తుదకు తానే డ్రిల్లరై ఆ పనిలోనే రిటైరయ్యెను. గనికి పోవుటను నేటికిని ఆయన "బాయిలకు పోవుడు" అనియే యనును.

విద్యుత్తుతో తిరుగు డ్రిల్లు గోడకు పటము తగిలించుటకు పుట్టిన వస్తువు కాదు. 1889లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను నగరమున ఆర్థర్ జేమ్స్ ఆర్నాట్ అను ఇంజినీరు, విలియం బ్రెయిన్ అను సహచరునితో కలిసి పేటెంటు పొందిన ప్రథమ విద్యుత్ డ్రిల్లు, రాతిని తొలుచుటకును బొగ్గును త్రవ్వుటకును ఉద్దేశింపబడినది. మన ఇల్లెందులో సింగరేణి బొగ్గు వెలికివచ్చుట ఆరంభమైనదియు ఆ సంవత్సరముననే యగుట కాకతాళీయమే కావచ్చును గాని, వడ్రంగికంటెను తాపీమేస్త్రీకంటెను ముందుగా ఈ యంత్రముపై హక్కు గనికార్మికునిదని చెప్పుటకు నాకది చాలును. ఆరేండ్లు గడచిన పిమ్మట 1895లో జర్మనీలోని స్టుట్‌గార్టు నగరమున ఫైన్ అను సంస్థవారు మనిషి చేతపట్టుకొని తిరుగదగిన డ్రిల్లును నిర్మించిరి. దాని బరువు ఏడున్నర కిలోలు. రెండు చేతులతో పట్టి రొమ్ముతో అదుముచు తొలుచు ఆ యంత్రమును చూచి, విల్లుతో బరమా త్రిప్పు మన వడ్రంగి నవ్వియుండును. వాని పనిముట్టులో వాని చేతికి మించిన బరువెన్నడును లేదు.

అసలు మార్పు అమెరికాలోని బాల్టిమోరులో వచ్చినది. 1910లో డంకన్ బ్లాక్, అలొంజో డెక్కర్ అను ఇరువురు మిత్రులు నెలకొల్పిన యంత్రశాల, 1914లో ఒక డ్రిల్లునకు పేటెంటు కోరి 1917లో పొందినది. ఆ డ్రిల్లునకు పిస్తోలువంటి పిడియు, ఆ పిడిలోనే చూపుడువ్రేలి క్రింద నొక్కు మీటయు ఉండెను. అందలి విశేషము పైకి కనబడునంత చిన్నది కాదు. అంతకుమునుపు యంత్రమును నడుపుటకైనను ఆపుటకైనను ఒక చేయి పట్టు విడువవలసియుండెను; అనగా యంత్రము మొరాయించిన క్షణముననే, పట్టు మిక్కిలి అవసరమైన క్షణముననే, మనిషి ఒక చేతిని కోల్పోవుచుండెను. పిడిలోనికి మీట వచ్చిన పిదప పట్టుట, గురిచూచుట, నడుపుట, ఆపుట అను నాలుగును ఒక్క హస్తములో కూడినవి. వ్రేలు సడలినంతనే యంత్రము ఆగును. 1946లో ఆ సంస్థయే గృహస్థులకొఱకు చిన్న డ్రిల్లును, 1961లో తీగలేని బ్యాటరీ డ్రిల్లును విపణిలోనికి తెచ్చినది. లోహపు తొడుగు పోయి ప్లాస్టికు వచ్చినది, పిడికి రబ్బరు తొడిగిరి. ఈ సౌఖ్యచరిత్ర యంతయు భూమిపైన నడచినది.

భూమిక్రింద నడచినది వేఱు. బొగ్గుగనిలో చేతిడ్రిల్లనగా రెండువైపుల రెండు పిడులు, నడుమ మంట పొక్కనీయని ఇనుపపెట్టెలో మోటారు, ముందు మనిషి నిలువెత్తునకు దగ్గరగా పొడవైన మెలికల ఇనుపకడ్డీ, దాని కొనకు గట్టిలోహపు బిట్టు. చేతిలో పట్టుకొను యంత్రమునకు గనిలో 125 వోల్టులకు మించిన విద్యుత్తు ఈయరాదని నిబంధన. ప్రాణరక్షణకై పెట్టిన ఆ నిబంధన మంచిదే. బరువు మాత్రము 15 కిలోల ప్రాంతము. దానిని బొగ్గుఫేసున కప్పుదగ్గఱ బెజ్జమునకు భుజములపైకి ఎత్తవలెను, నేలదగ్గఱ బెజ్జమునకు మోకాళ్లపై కూర్చుండి నెట్టవలెను; జతగాడు కడ్డీని చేతితో నిలిపి పట్టగా బిట్టు బొగ్గులోనికి దిగును. అట్లు ఒక్క ఫేసున పది బెజ్జములు పడిన తరువాతనే షాట్‌ఫైరరు మందు కూరుటకు వచ్చును.

"మిషను చేతులతోటి పట్టుడు ఉత్త మాట అల్లుడా" అని మామ చెప్పెను. "తొడతోటి నెట్టాలె, కడుపుతోటి ఆపాలె. చేతులు దారి చూపెటందుకే. పొద్దుమీకి ఇంటికొచ్చి బువ్వ కలుపుదామంటె వేళ్లు ముడుచుకునేటియి కావు. మీ అత్తనే కలిపి పెట్టేది." ఈ మాట చెప్పునపుడు ఆయన నవ్వుచునే యుండెను; వంటయింటి గడపలో నిలుచున్న అత్తమ్మ నవ్వలేదు.

ఈ కష్టమునకు గనులలో దొరకిన పరిష్కారము విచిత్రమైనది. చేతిడ్రిల్లును చేతికి అనుకూలముగా తీర్చుటకంటె, దానిని చేతిలోనుండి తప్పించుటవైపునకే యోచన మొగ్గినది: చక్రములపై నిలిచి తానే తొలుచు డ్రిల్లింగు యంత్రములు కొన్నిటను వచ్చినవి, బొగ్గును కోయుచునే పోవు కంటిన్యూయస్ మైనర్లు మరికొన్నిటను దిగినవి, చంద్రపూరు చుట్టుపట్లనైతే తవ్వకమే అధికభాగము ఓపెన్‌కాస్టు గనులకు మరలినది. మంచిదే. కాని యంత్రము తన తొలి యజమానికి సుఖము నీయకముందే అతనిని వీడిపోయినదని నా ఆక్షేపణ; గృహస్థుడు ఏడాదికి నాలుగు బెజ్జములు వేయుటకు కొన్న బొమ్మవంటి డ్రిల్లుపై జరిగిన చింతనలో పదవవంతు, దినమునకు ఎనిమిది గంటలు దానితోనే బ్రదికిన మనిషి యంత్రముపై జరిగియుండినచో మా అత్తమ్మ అన్నము కలుపవలసిన పని లేకపోయెడిది.

ఆ చింతనకే ఎర్గనామిక్స్ అని పేరు. 1857లో పోలెండు దేశపు శాస్త్రజ్ఞుడు యస్త్రెంబోవ్‌స్కీ, గ్రీకుభాషలో పని యనియు నియమమనియు అర్థమిచ్చు రెండు పదములను కూర్చి ఈ మాటను కల్పించెను. మనిషిని పనికి తగినట్లు వంచుట కాక, పనిని మనిషికి తగినట్లు మలచుట దీని సారము. డ్రిల్లు విషయమున ఈ శాస్త్రము మణికట్టుతో ఆరంభమగును. అరచేతి మొదట ఎముకల నడుమనున్న ఇఱుకు సొరంగములోనుండి వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును ఒక నాడియు పోవుచున్నవి. మణికట్టు తిన్నగా నున్నంతవఱకు ఆ దారి సుగమము. వంగినచో ఒరిపిడి, వంచి బలముగా బిగించినచో నాడిపై ఒత్తిడి. పైగా వంగిన మణికట్టుతో పట్టు బలము తగ్గును గనుక మనిషి మరింత బిగించును. అందుచేతనే మంచి డ్రిల్లుపిడి నిట్టనిలువుగా నుండక కొంచెము వాలియుండును. రొమ్మెత్తున నున్న గోడను తొలుచునపుడు ముంజేయి, మణికట్టు, బిట్టు ఒకే దిక్కున సాగును. అదే పిడితో బల్లమీది చెక్కను పైనుండి తొలువబోయిన మణికట్టు వంగక తప్పదు. అపుడు తప్పు పిడిది కాదు. బల్లనైనను దించవలెను, మనిషియైనను పీట యెక్కవలెను.

పిడి లావు మఱియొక విషయము. 1956లో జాన్ నేపియర్ అను ఆంగ్లవైద్యుడు మనిషి పట్టును రెండుగా విభజించెను: అరచేయి నిండ బిగించు బలపు పట్టు, వ్రేళ్లకొనలతో పట్టు నేర్పు పట్టు. డ్రిల్లు ఒకే హస్తమును ఈ రెండును ఒకేసారి చేయుమనును. మూడు వ్రేళ్లు బలముగా బిగించుచుండగా చూపుడువ్రేలు మీటపై సున్నితముగా మెదలవలెను. మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల లావు పిడి చాలమందికి సరిపడును. అంతకు మించినచో వ్రేళ్లు బొటనవ్రేలిని చేరవు, మీట అందుటకు చేయి పిడిపై జరుగును. పాశ్చాత్యుల హస్తమును కొలిచి చేసిన పిడి మనవారికి, అందును స్త్రీలకు, లావగుట సహజము. భారతీయుల దేహప్రమాణములను దేశమంతట కొలిపించి దేబ్‌కుమార్ చక్రవర్తి కూర్చిన గ్రంథమును అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో వెలువరించినది. కొలతలు లేవను సాకు అప్పటితో చెల్లిపోయినది.

బరువు మాటకు వత్తును. దుకాణములో అందరును అడుగునది ఎన్ని కిలోలని. అడుగవలసినది ఆ కిలోలు ఎచ్చట నున్నవని. పిస్తోలుపిడి డ్రిల్లులో మోటారంతయు పిడికి ముందుండును. ముక్కు క్రిందికి వ్రాలగోరును, మణికట్టు దానిని క్షణక్షణము పైకెత్తవలెను. బ్యాటరీ డ్రిల్లులో పిడి మోటారు నడిమి నుండి దిగును, బ్యాటరీ పిడి అడుగున నుండును. త్రాసువలె నిలిచి, బరువెక్కువైనను తేలికగా తోచును. ఐనను గట్టిగోడను నెట్టి తొలువవలసినపుడు పాత పిస్తోలు పిడియే మేలు. ఇరుసునకు వెనుక సూటిగా అరచేయి నుండును గనుక నెట్టిన బలమంతయు బిట్టునకు పోవును. నిపుణుడైన మేస్త్రీని గమనింపుడు: వాడు చూపుడువ్రేలిని డ్రిల్లు మేనిపొడుగున చాచి, మీటను నడిమివ్రేలితో నొక్కును. అట్లు పట్టిన బొటనవ్రేలి చూపుడువ్రేళ్ల నడిమి పల్లము సరిగా ఇరుసు వెనుకకు వచ్చును. ఆ పట్టు పుస్తకములు చదివి నేర్చినది కాదు, చేయి నొచ్చి నేర్చినది.

ఇంతలో మా గోడయొద్ద మూడవ బెజ్జము గోడమూల కాంక్రీటు స్తంభములో పడుచుండెను. ఒక్కసారిగా ధ్వని మారినది. బిట్టు లోపలి ఇనుపచువ్వను తాకి బిగిసిపోయినది. బిట్టు తిరుగనిచో మోటారు ఊరకుండదు, తానే యెదురుదిక్కుకు తిరుగును. ఆ బలమంతయు పట్టుకొన్నవాని చేతిమీద పడును. లెక్క సులభమైనది. బిట్టు 20 న్యూటన్ మీటర్ల మెలిబలముతో బిగిసినదనుకొందము. ఇరుసునకు 10 సెంటీమీటర్ల దూరముననున్న ఒంటిపిడిని పట్టినవాని చేతిపై ఆ త్రోపు 20 కిలోల బరువునకు సమానము, అదియును రెప్పపాటులో. 25 సెంటీమీటర్ల దూరమున ప్రక్కపిడి నున్నచో అదే త్రోపు 8 కిలోలు మాత్రమే. నిచ్చెనమీద చేయి చాచి నిలుచున్నవానికి మొదటిది మణికట్టు బెణకించును, కొన్నిమారులు మనిషినే పడద్రోయును. రెండవది భుజమును కుదిపి విడుచును. కుర్రవాని యెడమచేయి కుదుపునకు కొంచెము వెనుకకు పోయినది, అంతే. వాడు మీట విడిచి, బిట్టును చూచి, మామను చూచి, మాటాడక చెమట తుడుచుకొనెను. బిట్టు బిగిసినపుడు జారిపోవు క్లచ్చు, మేను గిఱ్ఱున తిరిగినచో మోటారును తనంత తానే ఆపు ఏర్పాటు ఇపుడు ఖరీదైన డ్రిల్లులలో కలవు. ప్రక్కపిడి మాత్రము అన్నిటిని మించి చవుకది, పెట్టెలోనే యున్నది.

కంపన మనునది ఇంత ఆర్భాటముగా రాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున బెడ్‌ఫర్డు రాతిగనుల శిల్పకారులను 1918లో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు పరీక్షించి, గాలిసుత్తులతో పనిచేయువారి వ్రేళ్లు చలివేళ రక్తప్రసారము లేక పాలిపోయి మొద్దుబారుచున్నట్లు కనుగొనెను. కంపన తీవ్రతను సెకనుకు సెకనుకు ఇన్ని మీటర్లని కొలుతురు. ఐరోపా సమాఖ్య 2002 నాటి శాసనము ప్రకారము ఎనిమిది గంటల దినమున సగటున 2.5 దాటినచో యజమాని నివారణోపాయము చేపట్టవలెను, 5 దాటరాదు. తీవ్రత రెట్టింపైనచో అనుమతింపదగిన కాలము సగము కాదు, నాలుగవవంతగును. అనగా 10 తీవ్రతతో అదరు హ్యామరు డ్రిల్లును, అట్టివి కాంక్రీటుపై అరుదు కావు, అరగంట పట్టినంతనే మొదటి హద్దు దాటును, రెండు గంటలకు కడపటి హద్దు నిండును. మన నిర్మాణస్థలములలో దినమెల్ల దానినే పట్టు కుర్రవాండ్రను చూచినపుడెల్ల ఈ లెక్క నా తలలో మెదలును. పండ్లచక్రములు రాచుకొని దడదడలాడు హ్యామరు డ్రిల్లుకంటె, లోపల గాలిదిండుపై ముషలము కొట్టు రోటరీ హ్యామరు మేలు. 1932లో బాష్ సంస్థ విపణికి తెచ్చిన ఈ జాతి యంత్రమును మనిషి గట్టిగా నెట్టనక్కఱలేదు, పని త్వరగా ముగియును, చేయి అంతసేపు అదరదు.

ఇక చంద్రపూరు యెండ. డ్రిల్లుపిడికి మెత్తని రబ్బరు తొడుగు కల్పించినవారు చలిదేశములవారు. చల్లని చేతికి వెచ్చగా నుండుటయు, అదరును కొంత మ్రింగుటయు దాని గుణములు. ఇచ్చట వేసవిలో అరచేయి చెమటతో తడిసి పిడి జారును. జారునను భయముతో మనిషి మరింత బిగించును. ఎంత బిగించినచో అంత కంపనము చేతిలోనికి ఎక్కును. చవుక రబ్బరైనచో రెండు మూడేండ్లకు కరగి జిగురై అరచేతికి నల్లగా అంటును. ఆ కుర్రవాని డ్రిల్లుపిడికి పాత సైకిలు ట్యూబు చుట్టియుండుట చూచి నేను మొదట నవ్వుకొంటిని. తరువాత పట్టుకొని చూచితిని. జారలేదు.

జట్‌పురా దర్వాజా ప్రాంతపు హార్డువేరు దుకాణములోనైనను, మీ ఊరి బజారులోనైనను, డ్రిల్లు కొనబోవువారు ధర అడుగుటకు ముందు దానిని పెట్టెలోనుండి తీయించి, బిట్టు బిగింపించి, రొమ్మెత్తున చేయి చాచి రెండు నిమిషములు పట్టుకొని చూడుడు. చూపుడువ్రేలి మొదటి కణుపు మీటను అందుచున్నదా, ముక్కు క్రిందికి వ్రాలుచున్నదా, మణికట్టు తిన్నగా నున్నదా, చెమటచేతితో జారుచున్నదా యను ఈ నాలుగును మీ చేయియే చెప్పును, దుకాణదారుని అడుగనక్కఱలేదు. ఇంటిలో వాడునది వేఱొకరైనచో వారినే తీసికొనిపొండు. పనివానిచే చేయించుకొనువారు వానికి మంచినీళ్లిచ్చునపుడే డ్రిల్లువైపు ఒకమారు చూడుడు. ప్రక్కపిడి పెట్టెలోనే యున్నయెడల తీయించి బిగింపించుడు.